ఒక సిగరెట్టు సేపు

"చోక్ బయటికి లాగు. ఇంజను అందుకోనీ. ఒక సిగరెట్టు తాగు. చోక్ లోపలికి నెట్టు. పో," అన్నాడు బెల్ఖాసెం. "ఇందులో నేర్చుకోవడానికేముంది?"

వర్దియా సిగరెట్టు తాగదు. ఆ ఊళ్ళో ఏ ఆడదీ తాగదు. ఆ సంగతి మొగుడికి తట్టలేదు. తట్టినా ఆగి మళ్ళీ చెప్పే మనిషి కాడు.

ఆ మెట్ట ఊళ్ళో మగవాళ్ళు కాలాన్ని సిగరెట్లతోనే కొలుస్తారు. ఊట బావి రెండు సిగరెట్ల దూరం. నిప్పుల మీద గొర్రె మాంసం కాలడానికి అరపెట్టె. వర్దియా రెండో కాన్పు అయిదు సిగరెట్లలో అయిపోయిందని బెల్ఖాసెం కాఫీ కొట్టులో చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాడు. ఆమె లెక్క వేరు. ఆ అయిదు సిగరెట్లలో ఆమె చచ్చి బతికింది. పిండి పొంగడానికి ఎంతసేపు పడుతుందో, శనగలు మెత్తబడడానికి ఎంతసేపు పడుతుందో, అత్తగారి మోకాళ్ళకు నూనె రాస్తే నొప్పి ఎంతసేపటికి తగ్గుతుందో ఆమెకు తెలుసు. ఆ లెక్కలు ఎవరూ అడగలేదు.

చక్కెర జబ్బు రెండేళ్ళ కిందట బెల్ఖాసెం కళ్ళు తీసేసింది. వెలుగూ నీడా తప్ప ఇప్పుడతనికి ఏమీ తెలియదు. అతని పాత కారు పెరట్లో పట్టా కింద పడి ఉంది. వర్దియా పద్నాలుగు కిలోమీటర్ల అవతల బళ్ళో పిల్లలకు వంట చేస్తుంది. ఇంట్లో గోధుమ పిండి, అతని సూది మందు, అతని పొగాకు, అన్నీ ఆ జీతంలోంచే. శీతాకాలం ముందు బస్సు ఆగిపోయింది. అందుకే ఆమెను డ్రైవింగ్ నేర్చుకోనిచ్చారు. దయతో కాదు. పట్నంలో నేర్పిన కారు కొత్తది. తాళం తిప్పితే చాలు, కదిలేది. చల్లటి ఇంజనుకు పెట్రోలు ఎక్కువ పట్టే ఆ చోక్ పిడి దానికి లేదు.

"ఒక సిగరెట్టు అంటే ఎంతసేపు?" అని అడిగింది మొదటిరోజు.

"ఒక సిగరెట్టంత," అన్నాడు.

అత్త జహ్రా పొయ్యి దగ్గరనుంచి నవ్వింది. "నీకు స్టీరింగు ఇచ్చినవాణ్ణి అనాలి కోడలా. మా కాలంలో గాడిదక్కూడా మగవాడే ముందు నడిచేవాడు."

మొదటి వారం కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుని, చెవులు రిక్కించి, అతను తీర్పులు చెప్పాడు. ఆమె చోక్ తొందరగా నెడితే ఇంజను దగ్గి చచ్చేది. "చంపావ్!" అని లోపల్నుంచి అరిచేవాడు. ఆలస్యంగా నెడితే నల్లపొగ. "తాగిస్తున్నావే దానికి పెట్రోలు, బిడ్డకి పాలు పట్టినట్టు!" నెట్టాల్సిన క్షణం ఏదో మాత్రం ఒక్కరోజూ చెప్పలేదు. అతనికి వినిపించేది. చెప్పేవాడు కాదు. చెబితే ఆ కారు ఆమెదైపోతుంది.

రెండుసార్లు బడికి ఆలస్యంగా వెళ్ళింది. బడి పెద్ద మంచివాడే. "వర్దియా, నూట ఇరవైమంది పిల్లలు. మూడోసారి జరిగితే నేనేం చెయ్యలేను. ఆ పనికోసం మరో ఆవిడ రోజూ వచ్చి గుమ్మంలో కూచుంటోంది," అన్నాడు. ఆమెకు తెలుసు. ఆ ఆవిడకూ పిల్లలున్నారు.

అప్పుడు ఆలోచించింది. సిగరెట్టు తాగడం తప్పు. దాన్ని కాలనివ్వడం తప్పు కాదు కదా. మొగుడికని చెప్పి ఒక పెట్టె కొంది. పొగాకు కొట్టువాడు అబద్ధం పట్టలేదు. మర్నాడు తెల్లారకముందే మంచు గడ్డకట్టిన అద్దం గీకి, చోక్ పిడి పూర్తిగా బయటికి లాగి, ఇంజను అందుకోగానే ఒక సిగరెట్టు వెలిగించి బూడిద పళ్ళెంలో ఆనించింది. ఎర్రటి కొన మెల్లగా జరుగుతుంటే చూస్తూ కూచుంది. కళ్ళు మండాయి. తలకు కట్టుకున్న గుడ్డ కొనతో ముక్కు మూసుకుంది. చివరికంటా కాలాక పిడి లోపలికి నెట్టి బయలుదేరింది. కాఫీ కొట్టు మలుపులో ఇంజను ఆగిపోయింది. ముక్కు పగిలేంత పెట్రోలు వాసన.

కొట్టులోంచి మగవాళ్ళు లేచి వచ్చారు. నలుగురు తోశారు. ఒకడు, "పిండి పిసికినట్టు పిసుకుతోందిరా దాన్ని!" అన్నాడు. ఇంకొకడు, "అది పొంగుతుందని చూస్తోంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. తోసినందుకు థాంక్సు చెప్పింది. చెప్పకపోతే మర్నాడు తోయరు. ఆ రోజు ఎలాగో సమయానికి చేరింది. వెళ్తూనే పప్పు పొయ్యి మీద పెట్టింది.

పదిరోజులు అలాగే. సిగరెట్టు పూర్తిగా కాలనిచ్చేది, కారు మలుపులోనో, కాలవ దగ్గరో చచ్చేది, ఎవరో ఒకరు తోస్తే ఆఖరి నిమిషంలో బడికి చేరేది. తప్పెక్కడో తెలియలేదు. తన చెయ్యే మంచిది కాదనుకుంది. ఆ మాట పెళ్ళయిననాటి నుంచీ వింటూనే ఉంది గనక నమ్మడం కష్టం కాలేదు.

తెలిసింది ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక. బెల్ఖాసెం సిగరెట్టు తాగుతున్నాడు. కళ్ళు పోయిననాటి నుంచీ బూడిద ఎక్కడ పడుతుందో అతను చూసుకోడు. పళ్ళెం పట్టుకుని ఆమె అతని చేతి కింద తిప్పుతూ ఉండాలి. చెయ్యి కుడికి పోతే కుడికి, ఎడమకు పోతే ఎడమకు. తప్పితే దుప్పటి కాలుతుంది, తిట్లు పడతాయి. రెండేళ్ళుగా రోజుకు పన్నెండుసార్లు ఆ పని చేస్తోంది. ఆ రోజు మొదటిసారి పళ్ళాన్ని కాక సిగరెట్టును చూసింది. అతను పీల్చినప్పుడల్లా ఎర్రకొన వేలి గోరంత లోపలికి దూకుతోంది. పద్నాలుగు దమ్ముల్లో అయిపోయింది. కారులో తను వెలిగించింది ఎవరూ పీల్చనిది. తీరిగ్గా, రెట్టింపు సేపు కాలుతోంది. కొలత తప్పు. కాలాన్ని కాదు వాళ్ళు కొలిచేది, తమ ఊపిరిని. ఆ కొలతబద్దను ఆడదాని చేతికిచ్చి, సరిగ్గా కొలవలేదని నవ్వుతున్నారు.

మర్నాడు సిగరెట్టు వెలిగించలేదు. పిడి మీద చెయ్యి ఉంచి వింది. మొదట ఇంజను గొంతు పెంచి అరుస్తుంది, చలికి ఏడ్చే పసిపిల్లలాగా. అప్పుడు పిడి సగం లోపలికి. అరుపు తగ్గుతుంది. కాసేపటికి ఆ మోతలో తడబాటు మొదలవుతుంది, కడుపు నిండినవాడు ఇంకా మింగుతున్నట్టు. అదే గుర్తు. వేళ్ళ కింద పిడి కూడా సన్నగా అదురుతుంది. ఇంకో వేలెడు నెట్టాలి. ఊరు దాటాక, కాలవ దగ్గరి ఎత్తు ఎక్కేముందు, పూర్తిగా. మంచు పడిన రోజు ఒక తీరు, ఎండ కాసిన రోజు ఒక తీరు. నెల తిరిగేసరికి ఆమె చెయ్యి ఆలోచించడం మానేసింది. కిటికీ లోపల బెల్ఖాసెం కూడా అరవడం మానేశాడు. బాగుందని మాత్రం అనలేదు.

అప్పుడొచ్చింది ఆ శుక్రవారం. నమాజు అయ్యాక మరిది లఖ్దర్ గొర్రెల దాణా బస్తాలకని కారు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి, చెప్పులు విడవకుండానే లోపలికొచ్చి, కారులోంచి పీకిన బూడిద పళ్ళెం అన్న ముందు చాప మీద బోర్లించాడు. ఆమె పారెయ్యడం మరచిపోయినవి, పదకొండు పీకలు.

"చూడలేవు గనక చెప్తున్నా అన్నా. సిగరెట్టు పీకలు. నీ కారులో. నువ్వెక్కి రెండేళ్ళయింది."

జహ్రా గుండె మీద చెయ్యి వేసుకుంది. "యా రబ్బీ, దేవుడా!"

బెల్ఖాసెం చేత్తో చాప తడిమి ఒక పీక తీసి వాసన చూశాడు. "ఎవడు వాడు?" అన్నాడు. గొంతు పెంచలేదు.

పీకలు తెల్లగా ఉన్నాయి. పెదవి తడి తగలని, పొగ లోపలినుంచి పోని తెలుపు. ముప్ఫై ఏళ్ళుగా పొగ తాగేవాళ్ళు ఇద్దరు ఆ గదిలో ఉన్నారు. కళ్ళున్నవాడు చూడాలనుకుంటే చాలు, వాటిని ఎవరూ పీల్చలేదని తెలిసేది.

"చెప్పు వదినా," అన్నాడు లఖ్దర్. "తెల్లారకుండా కారులో ఎవణ్ణి ఎక్కించుకుంటున్నావ్? చెప్పు, లేదా తాళం ఇటు పడెయ్. రేపట్నుంచి నేను దింపుతా. జీతం కూడా నేనే తెస్తాలే, నీకెందుకు శ్రమ."

వర్దియా తడిచేతులు పావడాకు తుడుచుకుంది. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే నమ్ముతారు. నమ్మి, పొట్టలు పట్టుకుని నవ్వుతారు. సాయంత్రానికి కాఫీ కొట్టంతా నవ్వుతుంది, కారులో సిగరెట్టు వెలిగించి దానికి కాపలా కూచున్న ఆడదాని కథ మనవల దాకా నడుస్తుంది. చోక్ చేతకానిదానికి కారెందుకని తాళం లఖ్దర్ జేబులోకే పోతుంది. పక్క ఊళ్ళో ఏ మగవాడి పేరో చెబితే ప్రాణమే పోతుంది. నిజానికీ అబద్ధానికీ చివర ఉన్నది లఖ్దర్ జేబే. ఇంకేముందో వెతికింది.

"ఎవడూ లేడు," అంది. "నేనే తాగుతున్నా."

బెల్ఖాసెం వేళ్ళలోంచి పీక జారి చాప మీద పడింది.

"రోజూ పొద్దున ఒకటి. ఇంజను వేడెక్కేదాకా. ఒక సిగరెట్టు తాగమని నువ్వే కదా చెప్పావ్?"

బెల్ఖాసెం చెయ్యెత్తాడు. కళ్ళు లేని చెయ్యి. ఆమె అడుగు వెనక్కి వేసింది, అది గాల్లో తిరిగి కిందికి దిగింది.

"సిగ్గులేనిదానా!" అన్నాడు లఖ్దర్. "తాళం ఇయ్యి. ఈ క్షణం."

"తీసుకో. రేపు కారు కదలకపోతే ఎందుకని బడి పెద్ద అడుగుతాడు. కాఫీ కొట్టు అడుగుతుంది. ఏం చెప్తావ్ లఖ్దర్? మా వదిన పొగ తాగుతుందని చెప్తావా? వసంతంలో నీ కూతురి పెళ్ళి. ఆ ఇంటివాళ్ళు ఎంత నిష్ఠగలవాళ్ళో నాకంటే నీకే బాగా తెలుసు. వెళ్ళు, చెప్పు. నేను ఆపను."

లఖ్దర్ తాళం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మ వైపు చూశాడు. జహ్రా వంగి, మోకాళ్ళ నొప్పి మరచిపోయి, ఒక్కొక్క పీకే ఏరి కొంగులో వేసుకుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళి నిప్పుల్లో పోసింది.

"ఈ గోడలు దాటకూడదు," అంది. "వల్లాహి, దేవుడి మీద ఒట్టు, దాటిందా, ఇద్దరి నోళ్ళూ కుట్టేస్తాను." కొడుకులతో అంది. కోడలివైపు చూడలేదు.

ఆ రాత్రి నుంచే వర్దియా కప్పు విడిగా పెట్టారు. ఆమె కలిపిన పిండిని జహ్రా ముట్టలేదు, వేరే పిసుక్కుంది. బెల్ఖాసెం ఆమెతో మాట్లాడడం మానేశాడు. బూడిద పళ్ళెం తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు. దుప్పటికి రెండు చిల్లులు పడ్డాయి. ఆమె కుట్టలేదు.

లఖ్దర్ మళ్ళీ ఎప్పుడూ కారు అడగలేదు. చెడ్డ ఆడదాని కారులో దాణా తెచ్చుకోవడం అతనికి తగదు. ఇరవై మూడేళ్ళు మోసిన మంచి పేరు ఆమెకు పెరటి తలుపైనా తెరవలేదు. చెడ్డ పేరు మొదటి రోజే తాళం చేతికిచ్చింది. ఆ మర్నాడే, శనివారం తెల్లారకముందే, ఆ పేరుతోనే బయటికొచ్చి, అద్దం మీది మంచు గీకడం మొదలుపెట్టింది.