బయటపడిన చిరునామా

"నీ మెయిలు లీకయిపోనాదమ్మా, పాస్‌వర్డుతో సహా! ఏటది, సెప్పు. అన్నిసోట్లా అదే ఎట్టినావేటి?"

గిన్నెలు తోముతున్న కన్యకాపరమేశ్వరి తలెత్తింది. కూతురు సింధూరి ఫోనులో ఒక సైటు తెరిచి, తల్లి మెయిలు చిరునామా దొంగల పాలైందో లేదో చూస్తోంది. ఆమదాలవలసలో తాము నడిపే పొందూరు ఖద్దరు కొట్టు బేరాలన్నీ ఆ చిరునామా మీదే సాగుతాయి. ఎప్పుడో సరుకు కొన్న ఒక సైటు నుంచి అది బయటపడిందని తెర మీద ఎర్రటి అక్షరాలు చెబుతున్నాయి.

పరమేశ్వరి చేతిలో గిన్నె పక్కన పెట్టింది. ఆ పాస్‌వర్డు భర్త పేరు. విష్ణువు వేయి నామాలు నిత్యం తడుముకోకుండా పఠించే ఆ నోటికి పెనిమిటి పేరు పలకడం పుట్టింట నేర్పని పని. తడివేలితో గట్టు మీద రాసి చూపింది.

సింధూరి పకపక నవ్వింది. "నాన్న పేరా! లోకమంతా సదివీసినాది గానీ, నువ్వొక్కదానివే పలకవు!"

తల్లికి నవ్వు రాలేదు. ఆ చిరునామా పెళ్లికి ముందు, శ్రీకాకుళంలో కంప్యూటరు నేర్చుకునే రోజుల్లో, ఆమె తన పేరున తానే తెరుచుకున్నది. అప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డు ఏదో ఇప్పుడు గుర్తుకైనా రాదు. కాపురానికి వచ్చిన కొత్తలో జయకృష్ణ, "మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలేటే?" అని దాన్ని తీయించి తన పేరు పెట్టించాడు. తన మెయిలు పాస్‌వర్డు మాత్రం ఆమెకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. నాటి నుంచి దూరప్రాంతాల కొనుగోలుదార్లకు నూలు సన్నదనాన్నీ, అంచుల అందాన్నీ వివరిస్తూ జాబులు రాసింది ఆమె. కింద పేరు ఆయనది. "మీ మాటతీరు ఎంత హుందాగా ఉందండీ, జయకృష్ణగారూ" అని వచ్చిన మెప్పును ఆయన భోజనాల వేళ చదివి వినిపించేవాడు. ఆమె చారు వడ్డించేది. ఒకసారి చదువుకున్ననాటి స్నేహితురాలు యమున, విజయనగరంలో తాను పెట్టిన బడిలో పాఠాలు చెప్పడానికి రమ్మని రాసింది. ఆ సంగతి నెలలు గడిచాక ఆయన నోటే తెలిసింది. "ఎవలో యమునంట, ఉజ్జోగమంట. నీకెందుకులే అని తుడిపీసినాను." అప్పుడామె "మంచిదండి" అంది. ఆ మాట ఎందుకన్నానా అని ఇన్నేళ్లకు గుండె కలుక్కుమంది.

ముక్కూ మొహం తెలియని దొంగలు అమ్మ ఉత్తరాలు చదివేశారేమోనని కూతురి కంగారు. ఇంట్లో మనిషి చదివినదాన్ని ఏ సైటూ ఎర్రటి అక్షరాలతో చూపదు.

"ఇలా తే," అంది పరమేశ్వరి. చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోను అందుకుని, కూతురికి కూడా కనబడకుండా అటు తిరిగి కొత్త పాస్‌వర్డు కొట్టింది.

సాయంత్రం జయకృష్ణ కొట్టు నుంచి విసవిసా వచ్చాడు.

"మెయిలు తెరుసుకోట్లేదేటే? కొత్తది ఏటెట్టినావు?"

"కొట్టుకి సింధూరి వేరేది తెరిసినాదండి. దాని పాస్‌వర్డు మీకిస్తాది. ఇది నాది."

"నాకు సెప్పకూడందేటుందే అందులో?" కూతురి వైపు చూసి నవ్వాడతడు. సింధూరి నవ్వలేదు.

"ఇన్నేళ్లూ ఏటీ లేదండి," అంది పరమేశ్వరి. "అదే నా బాధ."