పాటంత దారి

పొద్దున్నే వ్యాన్ ఎక్కగానే ఆడవాళ్ళు ముందు చెప్పులు విప్పేస్తారు. తర్వాత ఎవరి పని వాళ్ళది. ఒకామె జడ అల్లుకుంటుంది, ఒకామె ఇంట్లో తినే తీరిక లేక తెచ్చుకున్న డబ్బా విప్పుతుంది, ఇంకొకామె కిటికీకి తల ఆనించి నిద్రపోతుంది. అందరూ బడిపిల్లల చొక్కాలు కుట్టే షెడ్డులో పనిచేసేవాళ్ళే. ఒక్కొక్కరు చొక్కాలో ఒక్కో ముక్కే కుడతారు కాబట్టి, ఆ ముక్కే వాళ్ళ పేరైపోయింది. కాలరక్క, జేబులక్క, బొత్తాల పెద్దమ్మ.

చేతులక్క కూర్చునేది డ్రైవర్ వెనక సీట్లో. ఒళ్ళో అట్ట పెట్టుకుని, దానిమీద పాత పేపర్లు పరిచి, చిన్న కత్తెరతో చొక్కా ముక్కలు కత్తిరిస్తూ ఉంటుంది. ఏళ్ళ తరబడి చొక్కా చేతులే కుట్టిన మనిషి. నిండు చొక్కా ఎలా పుడుతుందో తెలుసుకోవాలని ఆమె కోరిక. చూపు మందగించి కటింగ్ మాస్టర్ పని మానేశాక, గుడ్డ తక్కువ వృథా చేసి ఎవరు కత్తిరిస్తే వాళ్ళకే ఆ పని అని ఓనర్ పరీక్ష ప్రకటించాడు. అది తన బావమరిది కోసం పెట్టిన పరీక్ష అని షెడ్డులో కుట్టు మిషన్లకు కూడా తెలుసు. అయినా చేతులక్క నేనూ ఉన్నానంది.

నేర్చుకోవడానికి ఆమెకు వ్యాన్ తప్ప వేరే చోటు లేదు. షెడ్డులో కటింగ్ బల్ల దగ్గరికి కుట్టేవాళ్ళను రానివ్వరు. ఇంట్లో కాగితం పరిస్తే దానిమీద ఎవరో ఒకరు కంచం పెట్టుకుని కూర్చుంటారు.

ఆ వ్యాన్‌లో పాట ఎంత పొడవుంటే దారి అంత పొడవు. ఇందులో వింతేం లేదు, కొన్ని బళ్ళు ఎడమకి లాగుతాయి, కొన్ని పొద్దున్నే మొరాయిస్తాయి, ఇది ఇలాంటిది. ఎవరికైనా కాన్పు నొప్పులొస్తే డ్రైవర్ బాబాయ్ చిటికెడంత పాట వేసి ఆస్పత్రి గుమ్మంలో దించేసేవాడు. ఒక్కటే జాగ్రత్త. పాటని సగంలో ఆపకూడదు. ఆపితే బండి ఇటు ఇల్లూ అటు షెడ్డూ లేని చోట నిలబడిపోతుంది. అక్కడ రోడ్డుంటుంది గానీ, అది ఎక్కడికీ పోదు.

మామూలు రోజుల్లో బాబాయ్ తన పాత క్యాసెట్టు వేసేవాడు. అందులోది నింపాదిగా సాగే పాట. అది అయ్యేలోపు జడలు పూర్తయ్యేవి, కడుపులు నిండేవి, బొత్తాల పెద్దమ్మ కోడల్ని తిట్టి, మెచ్చుకుని, మళ్ళీ తిట్టడం కూడా అయిపోయేది.

ఓనర్ ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఒకరోజు ఆ క్యాసెట్టు లాగేసుకుని, తన కంపెనీ ప్రకటన రికార్డు చేసిన క్యాసెట్టు పెట్టించాడు. తుమ్మినంత సేపు కూడా లేదది. ఎక్కడం, "మన్నికకు మారుపేరు" అని ఒక గొంతు అనడం, షెడ్డు గేటు. వ్యాన్ ఇళ్ళకు వచ్చే వేళ మార్చలేదు, జీతం మార్చలేదు. దారిలో మిగిలిన సమయమంతా మిషన్ల మీదికి మళ్ళించాడు. జడలు సగంలో ఆగాయి. డబ్బాలు మూతలు తీయకుండానే షెడ్డుకు చేరాయి. చేతులక్క పేపర్ మడత విప్పేలోపే దిగాల్సి వచ్చేది.

"మన దారిని దొబ్బేశాడే," అంది బొత్తాల పెద్దమ్మ. అంతకంటే మర్యాదగా ఆ మాట చెప్పడం నాకూ చేతకావడం లేదు.

చేతులక్క దగ్గర తమ్ముడు వాడి వదిలేసిన ఎమ్‌పీత్రీ ప్లేయర్ ఒకటుంది. దాన్ని తెచ్చి స్టీరియో ముందు పెట్టింది. బాబాయ్ పెదవి విరిచాడు.

"దీనికి పిన్ను పెట్టే కన్నం లేదమ్మాయ్. క్యాసెట్టు తప్ప ఇంకేమీ మింగదు."

"అయితే క్యాసెట్టే మింగిద్దాం బాబాయ్."

కరెంటు సామాన్ల కొట్టువాడు అడుగు అర దులిపి ఒక వస్తువు తీశాడు. చూడ్డానికి క్యాసెట్టే, లోపల టేపు ఉండదు, పక్కనుంచి సన్నటి వైరు వేలాడుతుంది. క్యాసెట్టును స్టీరియోలోకి తోసి, వైరు చివరి పిన్ను ప్లేయర్‌కి గుచ్చితే సరి.

సరి అన్నాను గానీ, మొదటిరోజు పిన్ను సరిగ్గా కూర్చోక ఎడమ స్పీకర్ ఒక్కటే మోగింది. పాట వినపడని కుడివైపు వాళ్ళు ఎప్పుడో షెడ్డు చేరి మిషన్లకు నూనె వేసుకుంటుంటే, ఎడమవైపు వాళ్ళు ఇంకా పెట్రోలు బంకు దగ్గరే ఉన్నారు. జేబులక్క ఎడమ సీట్లో, ఆమె డబ్బా కుడి సీట్లో ఉండటంతో పాపం ఆ దారంతా ఆకలితో మాడింది. మర్నాడు బాబాయ్ పిన్ను పక్కన అగ్గిపుల్ల దోపి, రబ్బరు బ్యాండు బిగించాడు. రెండు స్పీకర్లూ పలికాయి. దారి తిరిగి వచ్చింది.

గేటు దగ్గర ఓనర్ కాచుకుని ఉన్నాడు.

"స్టీరియో ముట్టుకుంది ఎవరు?"

"నేనే సార్," అంది చేతులక్క.

"నేను కూడా," అంది కాలరక్క, ఆమె ముట్టుకోకపోయినా. "వైరు నేను పట్టుకున్నా," అంది బొత్తాల పెద్దమ్మ. అందరూ అలాగే అన్నారు. అందర్నీ తీసేస్తే చొక్కాకు బొత్తాం కుట్టేవాళ్ళుండరు. ఓనర్ మింగలేక కక్కలేక లోపలికి వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజు మాత్రం తన ఇంటి మలుపులో తనే నిలబడి వ్యాన్ ఆపాడు. ఎక్కి, ముందు సీట్లో కూర్చుని, నేరుగా వైరు మీద చెయ్యి వేశాడు.

"పీకండి సార్," అంది చేతులక్క. "పాట మధ్యలో ఉంది. మీకూ మాకూ కలిపి అక్కడే కాపురం."

చెయ్యి ఆగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఆ రోజు ఆమె వేసింది కచేరీ పాట. పాడేవాడికి ఇల్లూ వాకిలీ లేనట్టు పల్లవి దగ్గరే తిష్ఠ వేశాడు.

"ఇదెప్పుడవుతుంది?"

"ఆయన దయ సార్."

ఓనర్ కాసేపు కిటికీలోంచి చూశాడు. కాసేపు ఫోన్ చూసుకున్నాడు. అదీ విసుగొచ్చాక వెనక్కి తిరిగాడు. చేతులక్క అట్టమీద ముక్కలు పేరుస్తోంది. ముందు భాగం, వీపు, చేతులు, అన్నీ సర్దుకుంటున్నాయి, కాలర్ ఒక్కటే ప్రతిసారీ పేపర్ బయట మిగిలిపోతోంది. ఎన్నో రోజులుగా ఆమెను ఏడిపిస్తున్నది అదే.

ఓనర్ కూడా ఒకప్పుడు కత్తెర పట్టి పైకొచ్చినవాడే. తప్పుగా పేర్చిన ముక్కని చూస్తే అతనికి పళ్ళు జివ్వుమంటాయి. చూడకుండా ఉందామని రెండుసార్లు ముందుకు తిరిగాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

"కాలర్ అక్కడెందుకు పట్టుద్దమ్మా?" అన్నాడు చివరికి. "వీపుకి చంక దగ్గర వంపు తీశావు కదా, ఆ వంపులో ఖాళీ ఉంది చూడు. చిన్న ముక్కలన్నీ పెద్ద ముక్కల వంపుల్లోకి పోవాలి. ఇలా ఇవ్వు."

ముక్క తీసుకుని తనే పెట్టాడు. కాలర్ ఆ చోటు కోసమే పుట్టినట్టు కూర్చుంది. ఇంకా ఆగలేక, చేతుల్ని తలకిందులుగా తిప్పి, జేబుని మెడ వంపులో దూర్చి చూపించాడు. చేతులక్క అన్నీ చెరిపేసి, ఒక్కతే మళ్ళీ పేర్చింది. పేపర్‌లో మిగిలింది పీలికలు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. చొక్కా మొత్తం ఆమె ఒళ్ళో ఉంది.

గాయకుడు చివరి చరణానికి వచ్చాడు. అప్పుడు గానీ ఓనర్‌కి తానేం చేశాడో తట్టలేదు. షెడ్డులో బావమరిది ఎదురుచూస్తున్నాడు, యూనిఫారాలు కొనే కంపెనీ మేడమ్ పరీక్ష చూడ్డానికి వచ్చి కూర్చుంది. కటింగ్ కత్తెర ఉన్న బీరువా తాళం తన జేబులోనే ఉంది. తను ఆలస్యమైతే మేడమ్ విసిగి వెళ్ళిపోతుంది, పరీక్ష పోతుంది, పని ఇంట్లోవాడికే.

"పాట బాగుందమ్మా," అన్నాడు గొంతు మెత్తగా చేసి. "ఇలాంటిదే ఇంకోటి వెయ్యి. అందరూ కాసేపు పడుకోండి. నేనేమీ అనను."

ఆ మాట ఓనర్ నోట వినాలని ఆడవాళ్ళు ఎన్ని పొద్దులు కోరుకున్నారో. బొత్తాల పెద్దమ్మతో సహా అందరూ చేతులక్క మొహం వైపే చూస్తున్నారు.

"రేపట్నుంచి వేస్తాం సార్, రోజూ వేస్తాం," అంది చేతులక్క. "ఇవాళ నాకు పనుంది."

పాట ముగిసింది. తర్వాతది అందుకునేలోపే ఆమె వైరు పీకేసింది. ఎదురుగా గేటు.

బావమరిది కత్తిరించిన తర్వాత అతని కాళ్ళ దగ్గర ఒక దిండుకు సరిపడా గుడ్డ మిగిలింది. చేతులక్క కత్తిరించాక మేడమ్ కిందికి వంగి వెతికి, దొరికిన పీలికలు గుప్పిట్లో పట్టి చూసింది. గుప్పిట నిండలేదు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

చేతులక్క ఓనర్ వైపు చూసింది.

"దారిలో నేర్చుకున్నానండీ," అంది.

మేడమ్ తలూపి, చొక్కాలకు కొత్త ఆర్డర్ గురించి మాట్లాడదామని లేచింది, ఈమె కత్తిరిస్తేనే అని కూడా అంది. ఓనర్ మేడమ్ వెనకే వెళ్తూ, అలవాటుగా కత్తెర కోసం చెయ్యి చాచాడు. రోజూ సాయంత్రం దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేది అతనే.

చేతులక్క ఇవ్వలేదు.