గాలికి అడ్డం కట్టిన గోడ

మా వదిన ఇస్త్రీ బల్ల దగ్గరే కూలిపోయింది. పడేముందు ఇస్త్రీపెట్టెను దుప్పటి మీద నుంచి తీసి పక్కన నిలబెట్టిందట. హోటలు దుప్పటి కాలిపోకూడదు కదా!

మధ్యాహ్నం రెండున్నర. నేలకు రెండంతస్తుల కింద, కిటికీ అన్నది లేని లాండ్రీ గది. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆడవాళ్ళు ఆమె మొహాన నీళ్ళు చల్లుతున్నారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పనివాళ్ళ లిఫ్టులో బట్టల మూటలు ఇరుక్కుని అది కదలడం లేదు. గెస్టుల లిఫ్టు దగ్గరికి మోసుకెళ్తే సూపర్‌వైజరు చేతులు అడ్డం పెట్టాడు.

"ఇందులో వద్దు. పైనుంచి గెస్టులు దిగుతున్నారు. మెట్ల మీదుగా తీసుకెళ్ళండి."

దుప్పట్లో వేసి, నలుగురం నాలుగు కొసలు పట్టుకుని మెట్లెక్కాం. వెనక గేటు దాటేసరికి వదినకు ఊపిరి లేదు.

నేను ఆ హోటల్లో ఏసీ మెకానిక్‌ని. మా అన్న అక్కడే తాపీమేస్త్రీ. వదిన పదకొండేళ్ళుగా ఆ బల్ల దగ్గరే నిలబడింది. ఆమె ఎలా చచ్చిపోయిందో చెప్తాను. బిల్డింగు నక్షలు గీయడం నేర్చుకుంటున్న పిల్లలు మీలో ఉంటే కాస్త దగ్గరికి వచ్చి వినండి.

లాండ్రీ మిషన్లు పొద్దస్తమానం వేడి కక్కుతాయి. ఆ వేడిని లాగి బయట పారేయడానికి ఒక పెద్ద ఫ్యాను ఉంది. దాని మీది నుంచి గాలి పోయే నిలువు దారి మొదటి అంతస్తు దాకా వెళ్ళి, అక్కడ గోడలో ఒక జాలీ గుండా బయటపడుతుంది. మొదట కట్టినవాడెవడో బుద్ధిగానే కట్టాడు. తర్వాత యజమానికి ఆ అంతస్తులో గెస్టుల కోసం మూడు గదుల గొప్ప సూటు కావాలనిపించింది. కొత్త ఆర్కిటెక్టు వచ్చాడు. ఆయన కంప్యూటర్లో స్నానాలగది పెరిగి పెరిగి జాలీ మీదికి వచ్చేసింది. కింద ఎవరు బతుకుతున్నారో చూడ్డానికి ఆయన ఒక్కసారీ మెట్లు దిగలేదు.

మేనేజరు నన్ను పిలిచాడు. "లాండ్రీ ఫ్యాను ఆపెయ్. పైన పని జరగాలి. తర్వాత వేరే దారి చూద్దాం."

"కిందవాళ్ళు ఉడికిపోతారు సార్."

"మోటారు కాలిపోయిందని చెప్పు. నీకు చెప్పడం రాకపోతే చెప్పేవాణ్ణి పెట్టుకుంటాను."

ఆపేశాను.

ఆ సాయంత్రమే వదిన అడిగింది. "ఏం మరిదీ, మా గాలి ఎవరెత్తుకుపోయారు?"

"మోటారు కాలిపోయింది వదినా. పార్టు రావాలి."

"తొందరగా రప్పించు నాయనా. బట్టలతో పాటు మేమూ ఆరిపోయేట్టున్నాం" అని నవ్వింది.

పంతొమ్మిది రోజులు గడిచాయి. మేనేజరు దగ్గరికి పోదామని లాండ్రీ ఆడవాళ్ళు రెండుసార్లు లేచారు. రెండుసార్లూ వదినే ఆపింది. "మా మరిది చూస్తున్నాడు. వాడు చెప్పాడంటే చేస్తాడు" అంది.

ఆమెను సాగనంపిన మర్నాడు, బట్టలు మార్చుకునే గదిలో అందరం చేరాం. వంటవాళ్ళు, గదులు తుడిచేవాళ్ళు, లాండ్రీవాళ్ళు. కాలు పెట్టే చోటు లేదు. మేనేజరు పంపిన కాగితం బల్ల మీద ఉంది. ఆమెకు ముందునుంచే గుండెజబ్బు ఉందని, ఆ సంగతి మా అందరికీ తెలుసని అందులో రాసి ఉంది. కింద మా సంతకాలు కావాలి.

"పెట్టకపోతే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు. పిల్లలున్నవాళ్ళం" అన్నాడు వంటవాడు.

లాండ్రీలో అందరికంటే పెద్దావిడను పెద్దమ్మ అని పిలుస్తాం. ఆమె గయ్యిమంది. "పెట్టు! ఎల్లుండి నీ పెళ్ళానికీ గుండెజబ్బే రాస్తారు!"

"మోటారు కాలిపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?" అన్నారెవరో.

"మోటారు కాలిపోలేదు. నేనే ఆపాను. ఆపమన్నారు, ఆపాను. ఆమెతో అబద్ధం చెప్పాను."

పెద్దమ్మ లాగి చెంప మీద కొట్టింది. ఇంకా నలుగురు మీదికొచ్చారు. అప్పటిదాకా గోడకు చేరగిలబడి ఉన్న అన్న గొంతు వినిపించింది.

"ఆపింది ఏ రోజురా?"

"సోమవారం."

"నేను పైన స్నానాలగదికి గోడ లేపింది గురువారం." అన్న తన చేతులకేసి చూసుకుంటున్నాడు. "మూసేముందు జాలీకి అరచెయ్యి ఆనించి చూశాను. గాలి రాలేదు. పాడుబడ్డ దారి, మూసెయ్యి అన్నారు. నమ్మాను. నువ్వు ఆపావు, నేను కట్టాను. దాన్ని మనిద్దరమే..."

నన్ను కొట్టడానికి వచ్చినవాళ్ళు చేతులు దించేశారు.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. "తర్వాత ఏడుద్దాం. ఆపమన్నదెవడు? కట్టమన్నదెవడు? ఒక ఇంట్లో తినే అన్నదమ్ముల్లో ఒకడి చేత ఆపించి, ఒకడి చేత కట్టించి, ఒకడికి తెలియకుండా ఇంకొకడితో పని చేయించుకున్నదెవడు? అది చెప్పండి ముందు!"

వంటవాడే ముందుకొచ్చి ఆ కాగితాన్ని రెండుగా చింపాడు.

"ఆ గోడ పడాలి" అన్నాడు అన్న.

పనివాళ్ళ మెట్లు వదిలేసి, గెస్టులు నడిచే హాల్లోంచే వెళ్ళాం. ఎనభైమందిమి ఉంటాం. నున్నటి నేల మీద మా చెప్పుల చప్పుడు మాకే కొత్తగా వినిపించింది. సూట్‌కేసులు పట్టుకున్నవాళ్ళు పక్కకు జరిగారు. మెట్ల దగ్గర సెక్యూరిటీ గార్డు మమ్మల్ని చూశాడు, మెల్లగా వాకీటాకీ ఆపేశాడు. "ఎడమవైపు నుంచి పోండి. దగ్గర" అన్నాడు.

నేను కిందికి దిగి స్విచ్చి దగ్గర నిలబడ్డాను. పెద్దమ్మ నా వెంటే వచ్చింది. మొదటి సమ్మెట దెబ్బ అన్నదే. తర్వాత ఎన్ని చేతులు పడ్డాయో నాకు తెలియదు. పైనుంచి కేక రాగానే స్విచ్చి వేశాను. ఫ్యాను మూలిగి, తిరిగింది. ఆరేసిన దుప్పట్ల అంచులు కదిలాయి.

వదిన బల్ల మీద చెయ్యేసి పెద్దమ్మ గొణిగింది. "ఇంతేనటే తల్లీ. ఇంత చిన్న పనేనటే."

పోలీసులు వచ్చారు. అన్ననూ నన్నూ పెద్దమ్మనూ పట్టుకున్నారు. గోడ ఎందుకు పగలగొట్టావని ఇన్‌స్పెక్టరు అడిగితే అన్న ఒకటే జవాబిచ్చాడు. "తప్పు కట్టాను సార్."

జైలుకు వెళ్ళిన పదో రోజున వంటవాడు మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. హోటల్లో ఎవరూ పనిలోకి పోవడం లేదని చెప్పాడు. ఎదుటి హోటలు ఆడవాళ్ళు వచ్చి, తమ గాలి ఎటు పోతోందో ఎలా తెలుసుకోవాలని అడుగుతున్నారట.

"మరి గోడ?" అన్నాడు అన్న. "మళ్ళీ కట్టేసి ఉంటారు."

"ఎవరు కడతారు? మొదట వచ్చిన మేస్త్రీ, దీని కింద ఏముందని అడిగాడు. దిగి చూశాడు. తాపీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తొమ్మిదిమందిని పిలిచారు."

"ఒక్కడూ రాలేదా?"

"ఒక్కడూ రాలేదు."

వదినను మట్టిలో పెట్టిన రోజు కూడా మా అన్న ఏడవలేదు. చువ్వలు పట్టుకుని ఇప్పుడు ఏడ్చాడు, గొంతు విప్పి, జైలంతా వినేలా.