పొయ్యిదేవుడికి చెప్పని పేరు

"ఆ బూడిద జుసారాకి ఇచ్చేస్తానని సంఘంలో చెప్పేశాను," అన్నాడు ఒస్వాల్దో, పాత గొడుగొకటి పొరుగింటికి ఇచ్చేస్తున్నంత తేలిగ్గా.

ఇవోనె అప్పుడు పొయ్యి పక్క అరలోంచి దించిన తెల్ల పింగాణీ గిన్నెలోని బూడిదను టీ జల్లెడలో వేసి జల్లిస్తోంది. కాలగా మిగిలిన అగరుపుల్లల మొదళ్ళు ఏరి పక్కన పెడుతోంది. పాడ్యమికి, పున్నమికి తప్పని పని. జల్లెడ ఆగింది.

"ఏ బూడిద?" అంది, ఏ బూడిదో తెలిసే.

"అదే, నీ చేతిలోది. అమ్మ తెచ్చింది." ఒస్వాల్దో కొమ్ము గ్లాసులోని చల్లని మాతే ఆకు టీని గొట్టంతో ఒకసారి పీల్చి, గుటక వేసి, అధ్యక్షుడి గొంతు తెచ్చుకున్నాడు. "మన ఒకినావా సంఘం హాల్లో ఓ మూల మన వారసత్వమంతా పెడుతున్నాం కదా. పొయ్యిదేవుణ్ణి కూడా అక్కడ నిలబెడదామన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. వార్షికోత్సవానికి ఒకినావా నుంచి, సాక్షాత్తూ నహా పట్నం నుంచి అతిథులొస్తున్నారు. వాళ్ళ ముందు నువ్వు గిన్నె అందిస్తే, జుసారా అందుకుని ప్రార్థన చేస్తుంది. అమ్మ నీలం కిమోనో కట్టుకుని. ఎలా ఉంటుందంటావ్?"

"ప్రార్థన జుసారా చేస్తుందా?"

"మరి? నీకు మైకంటే భయం కదా."

మైకంటే తనకు భయమో కాదో ఇవోనెకి తెలియదు. ఒస్వాల్దోతో పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఎవరూ ఆమె చేతికి మైకు ఇచ్చి చూడలేదు. గరిటె ఇచ్చి చూశారు. గరిటంటే భయం లేదని మాత్రం తేలింది.

ఒకినావా దీవి నుంచి ఓడల్లో వలసొచ్చిన వాళ్ళ ఇళ్ళలో పితరుల పేర్ల పలకలు పెద్దకొడుకువి. పొయ్యిదేవుడు మాత్రం ఆడవాళ్ళ మనిషి. గుప్పెడు బూడిదగా అత్త చేతినుంచి పెద్దకోడలి చేతికి వస్తాడు. ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరికి జ్వరమో, ఎవరు పరీక్ష తప్పారో ఆయనకు చెప్పుకోవాలి. ఆ మాటలు మగవాళ్ళకు రావు. వాళ్ళు ఎప్పుడూ అడగనూ లేదు. ఈ ఇంట్లో ఇవోనెది అని చెప్పుకోదగ్గ వస్తువు ఏదైనా ఉంటే అది ఆ జానెడు అర. మిగతా వంటిల్లు ఆమెది కాదు, అందరి ఆకలిది.

ఇప్పుడు ఆ అర కూడా జుసారాకే కావాలి.

జుసారా ఆమె తోటికోడలు. మరిది మిల్టన్ తొమ్మిదేళ్ళ కిందట పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ఉంగరాల జుట్టు, ముక్కు మీద మచ్చలు, ముత్తాతలు ఇటలీ నుంచి వచ్చారు. వచ్చిన రెండో ఏడే మూడు తీగల సన్షిన్ నేర్చుకుంది. నాలుగో ఏడు ఉపకారవేతనం మీద ఆరు నెలలు ఒకినావా వెళ్ళి, ఇక్కడ పుట్టినవాళ్ళెవరికీ నోరు తిరగని పాటలు పట్టుకొచ్చింది. వీళ్ళుండే కాంపో గ్రాండె ఊళ్ళో మనవాళ్ళు ఏ గుమ్మం దగ్గర కలిసినా అదే మాట: "మీ జుసారా మనకంటే ఎక్కువ ఒకినావా పిల్లమ్మా!" ఇవోనె "అవునవును" అనేది. పన్నెండేళ్ళ వయసులో తానూ సన్షిన్ అడిగింది. "తీగలు ఆడపిల్లకెందుకు?" అని నాన్న దాన్ని అన్నయ్యకు కొనిచ్చాడు. అన్నయ్య దానికి టోపీ తగిలించుకునేవాడు. ఇరవై ఏళ్ళు తగిలించాడు. అదే నాన్న, కిందటేడు పోయేముందు, జుసారా పాట విని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తుండుగుడ్డ ఉతికింది ఇవోనె.

అసూయ అంటే కడుపులో మంట అంటారు గానీ, ఇవోనెది మంట కాదు, సెగ. సన్న సెగ మీద ఎముకల చారు పొద్దున్నుంచీ కాగుతుంది చూడండి, అలా. పైకి ఏమీ కనబడదు. మూత తీస్తేనే తెలుస్తుంది. జుసారా చేసిన ప్రతి పనిలో ఓ తప్పు వెతికి దాచుకోవడం ఆమెకు అలవాటయింది. సోబా నూడుల్స్ మీదికి గుడ్లట్టు దారాల్లా తరగాలి, జుసారా తరిగితే తాళ్ళు. ఆ తాళ్ళను తలుచుకుని ఇవోనె కొన్ని వారాల పాటు మనశ్శాంతిగా గడిపిన సందర్భాలున్నాయి.

అత్తగారు మకాతో మంచం పట్టిన మూడేళ్ళూ ఆవిడ ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది ఇవోనె. ఆదివారాలు జుసారా వచ్చి అరగంట పాట పాడేది. చూడవచ్చినవాళ్ళతో ముసలామె "నా కోడలు బంగారం" అనేది. ఏ కోడలో అడుగుదామంటే ఇవోనె చేతిలో పడక కింది పాత్ర ఉండేది. ఆవిడ పోయాక పెట్టెలోంచి నీలం కిమోనో తీసినప్పుడు, "నీకు పొట్ట దగ్గర పట్టదులే," అన్నాడు ఒస్వాల్దో. ఆ పొట్ట తనంతట తాను వచ్చినట్టు.

పాడ్యమికి, పున్నమికి పొయ్యిదేవుడికి ఇంటిల్లిపాది పేర్లూ, వాళ్ళు పుట్టిన ఏటి జంతువుతో సహా చెప్పాలి. జుసారా పేరు కూడా. జుసారా ఒకినావాలో ఉన్న ఆరు నెలలూ ఇవోనె కావాలని ఆ పేరు ఎగ్గొట్టింది. ఏదో జరుగుతుందని కాదు, ఓ చిన్న జలుబు చేసినా చాలనుకుంది. జుసారాకు అక్కడ పాటల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. దేవుడు కూడా ఆ పక్షానే ఉన్నాడని ఇవోనెకు అప్పుడే అర్థమయింది.

సరే, ఇవ్వమన్నారు కాబట్టి ఇస్తుంది. కానీ ఆ బూడిద సంగతి ఒకటుంది.

పన్నెండేళ్ళ కిందట అత్తగారు తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నారు. ఆదివారం. ఒస్వాల్దో స్నేహితులను పిలిచి పెరట్లో బొగ్గుల మీద మాంసం కాల్చాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన ఇవోనెకు అరలో గిన్నె కనబడలేదు. పెరట్లో కనబడింది, నిండా రాళ్ళ ఉప్పుతో. సింకులో బూడిదరంగు బురద. "ఉప్పుకి గిన్నె దొరక్కపోతే తీసుకున్నానోయ్. ఏదో మురికుంది అందులో, కడిగేశాను. ఏం, కొంప మునిగిందా?" అన్నాడు ఒస్వాల్దో, కడిగినందుకు మెప్పు ఆశిస్తూ. గిన్నె కడగడం అతని జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు. అందరూ వెళ్ళాక, ఇవోనె చల్లారిన బొగ్గుల గూట్లోంచి బూడిద తీసి, టీ జల్లెడలో మూడుసార్లు జల్లించి, గిన్నె నింపింది. కెమిస్ట్రీలో డిగ్రీ ఉంది ఆమెకు. ఏ కట్టె కాలినా మిగిలే లవణాలు దాదాపు అవేనని తెలుసు.

అత్తగారు ఇంటికొచ్చి, కర్ర మీద వంటింట్లోకి నడిచి, గిన్నెలో వేలు పెట్టి వాసన చూశారు.

"ఇవోనె. దేవుడి దగ్గర గొడ్డు మాంసం వాసనేంటే?"

ఇవోనె చెప్పేసింది. ముసలామె పొయ్యి వంక తిరిగింది. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంటే, నవ్వుతోంది. "మా అమ్మ మూటగట్టి ఇచ్చిన బూడిద నడిసముద్రంలో తడిసి బురదయిపోయింది. నేనే పారేశాను. ఒడ్డెక్కాక కాఫీ తోటలో పక్క గది ఇటలీ ఆవిడ రొట్టెల పొయ్యిలోంచి రెండు గుప్పిళ్ళు అడుక్కున్నా. మీ మామగారికి కూడా చెప్పలేదు. బూడిదలో ఏముందే పిచ్చిదానా. ఆయన వినేది మాటల్ని." ఆ రోజు అత్తాకోడళ్ళు కలిసి నవ్వారు. అదొక్కసారే. (తర్వాత జుసారా ఇంట్లో కాలుపెట్టినప్పుడు ఇవోనెకు తట్టింది, ఆ బూడిదలోనూ ఈ ఇటలీ వాళ్ళే ముందున్నారని. సింకులో పోవడమే నయమయింది.)

ఆ రోజే ఆవిడ మాటలన్నీ మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తప్పులు దిద్దింది. "మరి నా పేరు ఎక్కడ చెప్పాలి అత్తయ్యా?" అని అడిగితే, "నీదెందుకు? చెప్పేదానివి నువ్వేగా. గొంతు ఆయనకు తెలుసు. నేనూ ఎప్పుడూ నాది చెప్పలేదు," అంది. ఇవోనె సరేనంది. ఇన్నేళ్ళూ సరేనంటూనే ఉంది.

ఇప్పుడు ఒస్వాల్దో మైకు ముందు ఆ బూడిద గురించి ప్రసంగం చేస్తాడు. నాలుగు వందల మంది వింటారు. అయ్యాక తాను గిన్నె అందిస్తూ, మైకులో ఒకే వాక్యం అంటుంది: "ఇది మా ఆయన కాల్చిన మాంసం బూడిద." అంతే. జుసారా కిమోనో, కన్నీళ్ళు, చప్పట్లు, అన్నీ ఆ ఒక్క వాక్యంతో చల్లారతాయి. మూడు వారాల పాటు, గుడ్లట్టు తరుగుతూ, ఉల్లికాడలు తరుగుతూ, ఆ వాక్యాన్ని పదునుపెట్టుకుంది. మధ్యలో జుసారా ఎత్తుకు సరిపడేలా కిమోనో అంచు నాలుగు వేళ్ళు దించింది కూడా. అది మాత్రం ఎవరు కుడతారు?

వార్షికోత్సవం నాడు హాలు వెనక వంటగదిలో ఆవిరి. పెద్ద గుండిగలో చారు మరుగుతోంది. గిన్నెల్లో సోబా సర్దుతున్న జెనీ పిన్ని, "ఏమే, నువ్వు కూడా స్టేజీ ఎక్కుతున్నావటగా? మరి ఉల్లికాడలు ఎవరు చల్లుతారు, నీ మొగుడా?" అని కిలకిలలాడింది. ఒస్వాల్దో తలుపులోంచి తల పెట్టి, "ఇదిగో, ఆ ఏప్రన్ తీసెయ్. గిన్నె ఇచ్చేసి ఎడమ పక్కనుంచి దిగిపో. ఫొటోలో అడ్డం రాకు," అని చెప్పి తల తీసుకుపోయాడు.

అతని వెనకే జుసారా వచ్చింది. నీలం కిమోనోలో ఎంత బాగుందంటే, ఇవోనెకు చేతిలోని కత్తిని కింద పెట్టడం మంచిదనిపించింది.

"అక్కా, ఇది చూడు. బావగారు రాసిచ్చిన ప్రార్థన." చేతిలో కాగితం. "ఇందులో మొదట్నుంచీ సంఘం అధ్యక్షుల పేర్లే ఉన్నాయి. పదిహేడు మంది. పొయ్యిదేవుడికి వీళ్ళతో ఏం పనక్కా? వీళ్ళల్లో ఒక్కడు పొయ్యి వెలిగించాడా? అత్తయ్యను అడిగితే, 'నా దగ్గరేముంది, మీ అక్కకి ఇచ్చేశాను, దాన్నడుగు' అనేది. నాకేమో నిన్ను అడగాలంటే భయం."

"భయమెందుకు?"

"నా వంక చూస్తావు కదా, అలా. ఇదిగో ఇలాగే."

పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో, అత్తగారు కాక, పొయ్యి ముందు ఏం చెబుతావని తనను అడిగిన మొదటి మనిషి. అడిగేదేదో నచ్చిన మనిషి అడిగి ఉంటే బాగుండేదని ఇవోనెకు అనిపించింది. చుట్టూ చూసింది, ఇంకెవరైనా అడుగుతారేమోనని. జెనీ పిన్ని పంది మాంసం ముక్క రుచి చూస్తోంది.

"కాగితం ఇలా ఇవ్వు," అంది. తీసుకుని చేతుల నూనె తుడుచుకుంది. "నేనే చెప్తాను. ఈసారికి గిన్నె పట్టుకోవడం నీ వంతు."

"హమ్మయ్య!" అంది జుసారా.

ఆ హమ్మయ్య చూసి కూడా ఇవోనెకు అసూయే కలిగింది. అంత తేలిగ్గా వదులుకోగలగడం, చేతినిండా ఉన్నవాళ్ళకే చెల్లుతుంది.

వేదిక మీద ఒస్వాల్దో ప్రసంగం పతాకస్థాయిలో ఉంది. "ఎన్నో వారాలు! ఓడలో! మా అమ్మ ఈ బూడిదను గుండెలకు హత్తుకుని తెచ్చింది! మా ఇంట్లో దీన్ని మేం కంటికి రెప్పలా కాపాడాం!" ముందు వరుసలో నహా నుంచి వచ్చిన పెద్దావిడ కళ్ళద్దాలు తుడుచుకుంది. ఇవోనె ఏప్రన్‌తోనే మెట్లెక్కింది. గిన్నెను జుసారా చేతుల్లో పెట్టింది. ఒస్వాల్దో కనుబొమలతో ఎడమ పక్క మెట్లు చూపించాడు. ఆమె అటు చూడలేదు. మైకును కిందికి వంచి, మోకాళ్ళ మీద కూర్చుంది.

పదునుపెట్టుకున్న వాక్యం నాలుక చివరే ఉంది. అంటే చాలు. కానీ అది ఒస్వాల్దో గురించిన వాక్యం. మొదటిసారి దొరికిన మైకులో కూడా అతని సంగతేనా?

అగరుపుల్లలు వెలిగించి, అత్తగారి భాషలో మొదలుపెట్టింది. ఊరు చెప్పింది, వీధి చెప్పింది, ఇంటి నంబరు చెప్పింది. హాల్లో సగం మందికి ఆ భాష రాదు, అయినా చెంచాల చప్పుడు ఆగింది. నహా పెద్దావిడ కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చుని తల వంచింది. పేర్ల వంతు వచ్చింది.

"ఇవోనె. కోడి ఏట పుట్టింది," అంది.

తన పేరు ఆ హాలంతా తిరిగి వచ్చి చెవిలో పడింది. పర్వాలేదు, బాగానే ఉంది. తర్వాత మకాతో పేరు చెప్పింది. ఆవిడ ఎప్పుడూ చెప్పుకోలేదు కాబట్టి. తర్వాత తన ఇద్దరు పిల్లలు, మిల్టన్. జుసారా పేరు పళ్ళ మధ్య నుంచి కాకుండా, నోరారా చెప్పింది. జుసారా గిన్నె మీంచి తలెత్తి చూసింది. అక్కడితో ఆపి, నుదురు నేలకు ఆనించి లేచింది.

ఒస్వాల్దో ఇంకా చేతులు జోడించుకునే నిలబడి ఉన్నాడు. ఒక కన్ను తెరిచాడు.

"నా పేరేదీ?" అన్నాడు గుసగుసగా. మైకు దాన్ని పట్టేసింది. హాలు గొల్లుమంది.

ఇవోనె ఏప్రన్ దులుపుకుంది. మైకు పక్కకు తిప్పి, అతనికి మాత్రమే వినబడేలా అంది:

"ఈ గిన్నెలో ఉప్పు పోసుకున్న ఆదివారం మీకు గుర్తొచ్చిన రోజు చెప్తాను."