కత్తా, కరెంటా

గోవిందయ్యది ఉదయగిరి దగ్గర పల్లె. గొర్రెల మంద వెంట తిరిగి బతికిన మనిషి. అరవై ఏడేళ్ల వయసులో మూత్రానికి ఇబ్బందిగా ఉందంటే, ఆత్మకూరులో కాపురముంటున్న కూతురు మధులత ఆయన్ను నెల్లూరు తీసుకుపోయి చూపించింది. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని బయాప్సీలో తేలింది. చిన్నదే, నిదానంగా పెరిగే రకమే అన్నాడు సర్జన్. అయినా ఆపరేషన్ చేసి గ్రంథి తీసేస్తే నిశ్చింతగా ఉండొచ్చనీ, ఆ తర్వాత కొన్నాళ్లు మూత్రం ఆగకపోవచ్చనీ చెప్పాడు.

క్యాన్సర్ అన్న మాట తర్వాత గోవిందయ్య చెవికి ఏదీ ఎక్కలేదు. తను మంచాన పడితే మేపే దిక్కు లేదని వారం తిరక్కుండానే మందంతా మర్రిపాడు వాళ్లకు అమ్మేశాడు.

మధులతకు మనసొప్పలేదు. ఇంకో డాక్టరుకు చూపించింది. ఆయన రేడియేషన్ ఇచ్చే డాక్టరు. ఈ వయసులో కోత ఎందుకు, కొన్ని వారాలు రోజూ వచ్చి కరెంటు పెట్టించుకుంటే సరిపోతుందన్నాడు. ఆ మాట చెబితే సర్జన్ తల అడ్డంగా ఊపాడు. రేడియేషన్ తర్వాత జబ్బు తిరగబెడితే ఆపరేషన్ కష్టమన్నాడు. ఇద్దరూ ఓపిగ్గానే చెప్పారు.

గోవిందయ్య బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు.

"ఒకాయన కొయ్యాలంటాడు, ఒకాయన కరెంటు పెట్టాలంటాడు. ఎవరి మాట వినేది పాపా?"

మధులత మళ్లీ లోపలికి వెళ్లింది. "రెండూ చేయించకపోతే ఏమైతాది సార్?" అని అడిగింది.

సర్జన్ కాసేపు రిపోర్టులు తిరగేశాడు. అదీ ఒక పద్ధతేనన్నాడు. ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష, అప్పుడప్పుడు బయాప్సీ చేయిస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చు. పెరుగుతుంటే అప్పుడే వైద్యం మొదలుపెట్టొచ్చు. ఇలాంటిది చాలామందికి బతికినన్నాళ్లూ హాని చేయదు.

"ఈ మాట మొదటే ఎందుకు చెప్పలేదు మీరు?"

"నేను ఆపరేషన్లు చేసేవాణ్ణమ్మా. నాకు బాగా తెలిసిన దారి చెప్పాను."

ఫోన్ చేస్తే రేడియేషన్ డాక్టరూ కాదనలేదు.

ఆత్మకూరు బస్సులో మధులత దారి పొడుగునా మండిపడుతూనే ఉంది. గోవిందయ్య మాత్రం, "గొర్రెల్ని అమ్మకుండా ఉంటే బాగుండేది" అన్నాడు.

రెండు వైద్యాలూ మానుకున్నాడు. ఆర్నెల్ల పరీక్షలో మార్పేమీ లేదు. అయినా ఆ రిపోర్టు వచ్చేదాకా ఆయనకు అన్నం సయించలేదు. క్యాన్సర్ పెట్టుకుని ఊరికే కూర్చున్నావేందని బంధువులు నిలదీస్తుంటే, నెల్లూరులో అడగండి పొమ్మని విసుక్కుంటున్నాడు.