పెయింటరు కూతురి కారు

ఇంటర్వ్యూలో "సొంత కారుందా అమ్మా?" అని అడిగితే చిట్టి "ఉందండీ" అనేసింది. లేదని చెప్పే ధైర్యం చేతిలో ఇంకో ఉద్యోగం ఉన్నవాళ్ళకి ఉంటుంది. చిట్టి చేతిలో ఉన్నదల్లా కొత్తగా వచ్చిన డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే. అందులో ఫొటో కూడా ఎవరో తిట్టగానే తీసినట్టు ఉంటుంది.

ఉద్యోగం ఒక పెద్ద ల్యాబులో. తెల్లారగానే ముసలివాళ్ళ ఇళ్ళకీ, మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి పరగడుపున రక్తం తీసి, ఆ సీసాలు ఐసు పెట్టెలో సర్దుకుని, ఎండెక్కే లోపు ల్యాబులో అప్పజెప్పాలి. బస్సుల్లో కుదిరే పని కాదు, స్కూటరు మీద పెట్టె నిలవదు. సోమవారం పొద్దున్నే కారుతో వచ్చెయ్యమన్నారు. ఆ మాట అన్నది శుక్రవారం మధ్యాహ్నం.

రక్తం తీయడంలో చిట్టిది మంచి చెయ్యి. సూది దిగినట్టే తెలియదని ముసలమ్మలు మెచ్చుకుంటారు. కానీ ఆమె పనిచేసిన నర్సింగ్ హోము జీతాలు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసింది. ఇక ఇంట్లో సంపాదన అంటే నాన్నది. నాన్న ఒక షెడ్డులో కార్లకి రంగులేస్తాడు. పాతికేళ్ళుగా ముక్కుకి గుడ్డ కట్టుకుని స్ప్రే గన్ను పట్టుకున్న మనిషికి ఊపిరితిత్తులు ఎంతని మిగులుతాయి? ఆ రంగు మానేస్తేనే మందు పనిచేస్తుందని డాక్టరు తెగేసి చెప్పాడు. "మానేస్తే మందు ఎవడు కొంటాడండీ" అని నాన్న నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే దగ్గయింది.

మొదటి జీతం వచ్చిన రోజున నాన్నని షెడ్డు మాన్పించాలి. చిట్టికి ఉన్న ఆశ అదొక్కటే. అమ్మ పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. ఈ ఉద్యోగం చెయ్యిజారితే ఇంకో చలికాలానికి తనొక్కతే మిగులుతుందని ఆమెకి భయం. పైకి అనదు కానీ, నాన్న దగ్గినప్పుడల్లా చేతిలో పని ఆపేస్తుంది.

కారు సంగతి మాత్రం నాన్నకి చెప్పలేదు. పాతకారు మాటెత్తితే చాలు, ఆయన ఇంతెత్తున లేస్తాడు. "నడిచైనా పో, ఆ దిక్కుమాలిన పాతకారు జోలికి మాత్రం పోకు" అంటాడు. ఎందుకని అడిగితే చెప్పడు. వంటవాడికి హోటలు కూడు నచ్చనట్టు, ఈయనకి ఇంకొకళ్ళ చేతి పని నచ్చదు కాబోలని చిట్టి సరిపెట్టుకుంది. అడిగి కాదనిపించుకోవడం కంటే కొనేసి తిట్లు తినడం నయమనుకుంది.

తోడుకి బాబాయిని తీసుకెళ్ళింది. బాబాయి స్కూలు వ్యాను నడుపుతాడు. ఆయన నోరుంటే వ్యానుకి హారను అక్కర్లేదు. శనివారం పొద్దున్నుంచీ ఇద్దరూ తిరగని చోటు లేదు. చిట్టి దాచుకున్న డబ్బుకి తగిన కార్లు ఎలా ఉంటాయో ఆ రోజు తెలిసింది. ఒకదానికి అడుగున రేకు తుప్పుపట్టి రోడ్డు కనిపిస్తోంది. "బ్రేకు పడకపోతే కాళ్ళు కిందికి దించి ఆపుకోవచ్చు, మంచి సౌకర్యం" అన్నాడు బాబాయి. ఇంకోటి స్టార్టు చేస్తే పక్క వీధిలోంచి కూడా జనం తొంగిచూశారు.

అప్పిచ్చేవాళ్ళు కార్లని మించిపోయారు. జీతం కాగితాలు లేవా, అయితే లేదు. వయసు ఇంతేనా, అయితే లేదు. ఇదివరకు అప్పు తీసుకుని తీర్చారా? చిట్టి ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేనని గొప్పగా చెప్పింది. అదే నేరమట. అప్పు చేసి తీర్చినవాళ్ళకే అప్పు పుడుతుందట. ఇలాంటి తెలివి ఎవడికి పుట్టిందో గానీ వాడి ఇల్లు బంగారం గాను. మధ్యాహ్నానికల్లా చిట్టికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బాబాయి చూడకుండా మొహం తిప్పుకుంది.

చివరికి ఊరి అంచున ఒక కార్ల యార్డు దొరికింది. అక్కడ ఫైనాన్సు కుర్రాడు కూడా యార్డులోనే బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. కొత్తవాళ్ళకైనా ఇస్తాడట, హామీకి ఒక మనిషి ఉంటే చాలట, కాకపోతే ఆ యార్డులో కారుకే ఇస్తాడట. వడ్డీ ఎంతో మాత్రం దేవుడి గదిలో మంత్రం చదివినట్టు గొంతు తగ్గించి చెప్పాడు. చిట్టికి వినిపించింది. వినిపించనట్టు ఊరుకుంది.

వ్యాపారి నవ్వుమొహం మనిషి. వెండి రంగు కారొకటి చూపించాడు. చిన్నది, శుభ్రంగా ఉంది, ధర అందుబాటులో ఉంది. బాబాయి బానెట్టు ఎత్తి, ఇంజను విని, ఒక చుట్టు తిప్పి వచ్చి తలూపాడు. "ఇంజను బాగుందమ్మా. ఒంటి సంగతి నువ్వు చూడు, అది మీ ఇంటి విద్య."

చిట్టి చూసింది. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో షెడ్డులో కూర్చోబెట్టుకుని నాన్న నేర్పిన పద్ధతిలోనే చూసింది. దెబ్బతిన్న బండిని రంగు కింద దాచేస్తే అది ఎక్కడ బయటపడుతుందో నాన్న ఒక్కొక్కటే చూపించేవాడు. కారు ముందు వంగి, ఒక కన్ను మూసి, ఒంటి పొడుగునా వెలుగు ఎక్కడైనా వంకర పోయిందేమో చూసింది. అద్దాల చుట్టూ రబ్బరు లేపి అంచుకింద రంగు తుంపరలున్నాయేమో చూసింది. తలుపుల సందులన్నీ ఒకే వెడల్పున ఉన్నాయో లేదో వేలుపెట్టి చూసింది. అరచెయ్యి తిరగేసి తలుపుల మీద రాసింది, సొట్టలు పూడ్చడానికి లప్పం పెట్టిన చోట గరుకు తగులుతుందని. ఏమీ తగల్లేదు. కారు కడిగిన ముత్యంలా ఉంది.

"బాగా చూస్తున్నావే" అన్నాడు వ్యాపారి.

"మా నాన్న పెయింటరండీ" అంది చిట్టి. కాస్త గర్వంగానే అంది.

"ఏ షెడ్డులో?"

చెప్పింది. వ్యాపారి నవ్వు ఒక్క క్షణం ఎటో పోయి వచ్చింది. "అయితే మన మనుషులే. మీకు నేను చెప్పేదేముంది" అని, ఎవరూ అడక్కుండానే ధర కొంచెం తగ్గించాడు. బేరమాడకుండా తగ్గించిన వ్యాపారిని చూసి అనుమానపడాల్సింది. కానీ పొద్దున్నుంచీ కాదు, లేదు అనే మాటలు తప్ప వినని పిల్ల, ఆ కాస్త మర్యాదకే కరిగిపోయింది. బాబాయి హామీ సంతకం పెట్టాడు. చిట్టి దాచుకున్నదంతా బల్ల మీద పెట్టి, మిగతాదానికి మూడేళ్ళు వాయిదాలు కడతానని రాసిచ్చింది.

సాయంత్రం కారు తనే నడుపుకుంటూ ఇంటికొచ్చింది. వీధి మలుపులో గేరు మార్చబోతే కారు ఆగిపోయింది, వెనకవాళ్ళు తిట్టారు, అయినా ఆమెకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత మనసారా వచ్చిన నవ్వది.

నాన్న తలుపు తీశాడు. తిట్లకి సిద్ధపడి నిలబడింది చిట్టి. ఆయన తిట్టలేదు. మెట్లు దిగి, కారు ముందువైపు చూడకుండా, వెనకవైపు చూడకుండా, తిన్నగా డ్రైవరు పక్కసీటు తలుపు దగ్గరికి వెళ్ళాడు. రెండు తలుపుల మధ్య పైకప్పుని మోసే పిల్లరు మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

"ఎంత బాగుందో కదా నాన్నా" అంది చిట్టి.

"కట్టేశావా డబ్బు?"

"కట్టేశాను. లోనుకి సంతకాలు కూడా అయిపోయాయి."

నాన్న మెట్టు మీద కూలబడ్డాడు. దగ్గు వస్తుందనుకుని చిట్టి నీళ్ళు తెచ్చింది. ఆయనకి దగ్గు రాలేదు. గ్లాసు పక్కన పెట్టి అన్నాడు.

"ఈ బండికి రంగేసింది నేనేనమ్మా."

"అయితే మంచిదేగా?"

"లారీ గుద్దింది దీన్ని. ఈ పక్కంతా లోపలికి మడతపడిపోయింది. కొత్త పిల్లరు వెయ్యాలంటే ఖర్చని, ఉన్నదాన్నే బయటికి లాగి, పైన పల్చటి రేకు అతికారు. పక్కనుంచి గుద్దితే ఆపడానికి తలుపు లోపల అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉండాలి. వంగిపోయి తలుపు పట్టట్లేదని దాన్ని తీసేశారు. ఆ పైన లప్పం. లప్పం పైన నేను."

చిట్టి లేచి ఆ తలుపు మీద మళ్ళీ చెయ్యి రాసింది. "నేను చూశాను నాన్నా. నువ్వు నేర్పినట్టే చూశాను. రబ్బరు కింద చూశాను, వెలుగు చూశాను. ఎక్కడా ఏమీ లేదు."

"ఎక్కడ దొరికిపోతామో అవే నీకు చెప్పానమ్మా. దొరక్కుండా నేను దిద్దుకునేవి కూడా అవే."

ఆమె ఆయన పక్కన కూర్చుంది. కోపం రావాల్సిన చోట ముందు భయం వచ్చింది. "అందులో ఉన్నవాళ్ళకి ఏమైంది?"

"అడగలేదు. మా దగ్గర ఎవరూ అడగరు."

"ఇలాంటివి ఇంకెన్ని చేశావు?"

నాన్న తల వంచుకుని, గోళ్ళ సందుల్లో ఎప్పటికీ పోని రంగుని గీక్కుంటూ కూర్చున్నాడు. నేర్పినవాడి మీదా, నేర్చుకున్న తనమీదా ఒకేసారి కోపం వచ్చి చిట్టి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఏడ్చింది కూడా. గోడ అవతల నాన్న దగ్గు మొదలయ్యేసరికి ఏడుపు ఆపి చెవి పెట్టి వింది.

ఆదివారం ఇద్దరూ యార్డుకి వెళ్ళారు. వ్యాపారి కుర్చీలు వేయించి, టీ తెప్పించాడు. నాన్న టీ ముట్టుకోలేదు.

"బండి వెనక్కి తీసుకోండి సార్. మా పిల్ల తెలియక కొంది."

"అన్నీ చూసుకుని కొంది కదా మేస్త్రీ. నేను ఏమైనా దాచానా?" అన్నాడు వ్యాపారి నెమ్మదిగా. "నీ చేతి పనేగా అది. నీ పని మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా?"

ఫైనాన్సు కుర్రాడు కాగితాల్లోంచి తల ఎత్తలేదు. అప్పు డబ్బు యార్డు ఖాతాలోకి వెళ్ళిపోయిందనీ, కారు వదిలేసినా వాయిదాలు వదలవనీ, అవి ఆగితే హామీ పెట్టినాయన జీతం మీద పడతాయనీ చెప్పాడు. బాబాయికి ముగ్గురు పిల్లలు.

"నేను అందరికీ చెప్తాను" అంది చిట్టి.

"చెప్పమ్మా. ఎవరు చేశారని అడుగుతారు. అప్పుడు మీ నాన్న పేరు చెప్పాలి మరి." వ్యాపారి మొహంలో నవ్వు అలాగే ఉంది. నాన్న వైపు తిరిగి, "రేపు ఇంకో రెండు బళ్ళు పంపిస్తున్నాను మేస్త్రీ. కాస్త తొందరగా కానియ్యి" అన్నాడు.

నాన్న చెయ్యనని అంటాడేమోనని చిట్టి ఆయన మొహంలోకి చూసింది. అనాలని ఎంత కోరుకుందో, అనకూడదని అంత కోరుకుంది. ఈ నెల అద్దె ఆ రెండు బళ్ళ మీదే ఉంది. నాన్న సరేనన్నట్టు తలూపి లేచాడు. చిట్టికి ఆయన మీద జాలేసింది, ఆ జాలి ఆమెకి అసహ్యంగా కూడా ఉంది.

తిరిగి వస్తుంటే దారిలో ఆయన అన్నాడు, షెడ్డులో రేకు పని చేసే టింకరుని బతిమాలి నెలనెలా కొంచెం ఇచ్చుకుంటూ కొత్త పిల్లరు వేయిస్తానని. ఎప్పటికవుతుందని ఆమె అడిగితే, చూద్దామన్నాడు. ఉద్యోగం మానెయ్యమని మాత్రం ఆయన అనలేదు. మానేస్తానని ఆమె కూడా అనలేదు. మూడేళ్ళ వాయిదాలు నెత్తిన పెట్టుకున్నాక ఆ ఉద్యోగమే దిక్కు, ఆ ఉద్యోగానికి ఈ కారే దిక్కు. ఎటు తిరిగినా ఒకే గోడ తగిలేది.

సోమవారం ఇంకా చీకటి విడకముందే చిట్టి ఐసు పెట్టె వెనకసీట్లో పెట్టి, బెల్టు బిగించుకుంది. తాళం తిప్పబోతుంటే పక్క తలుపు తెరుచుకుంది. నాన్న ఎక్కి కూర్చున్నాడు. మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో షెడ్డుకి తీసుకెళ్ళే సంచి.

"నువ్వెక్కడికి?"

"నీ పనయ్యాక షెడ్డు దగ్గర దింపెయ్యి."

"నీ షెడ్డు తెరిచేది తొమ్మిదింటికి. అంతసేపు నాతో తిరుగుతావా ఈ చలిలో?"

"రోజూ వస్తాను."

"రోజూనా? ఎందుకు నాన్నా? ఇంజను బాగుందని బాబాయి చెప్పాడు. నేను నెమ్మదిగానే నడుపుతాను. రావాలనే ఉంటే వెనక కూర్చో. ఆ సీట్లో వద్దు, ఆ పక్క ఏమీ లేదని నువ్వే చెప్పావు."

"ఏమీ లేదు కాబట్టే" అన్నాడు నాన్న. తలుపు మెల్లగా దగ్గరికి లాక్కుని, భుజం దానికి ఆనించి సర్దుకున్నాడు. "ఇటునుంచి ఏదైనా వస్తే, నీకూ దానికీ మధ్య ఏదో ఒకటి ఉండాలిగా."

చిట్టి ఆయన్ని దిగమనాలి. దిగమనాలనే అనుకుంది, నోటిదాకా వచ్చింది. కానీ ఆయన అలా కూర్చోగానే రాత్రంతా పట్టుకున్న వణుకు తగ్గింది. అది తగ్గినందుకే ఆమెకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, గేరు వేసి, కారు రోడ్డు మీదికి తీసింది.