పార నుంచి కారే నీళ్ళు

గౌరునాయుడు బావ ఉప్పుమడిలో నిలబడి మంచు తవ్వుతున్నాడు, అది మా ఊరి ఉప్పుమడే, కానీ గట్టు దాటితే హిమాలయం మొదలవుతోంది, ఉప్పుకుప్పలు పెరిగి పెరిగి, పోయినేడు మంచు జారి అతన్ని మింగేసిన, ఎండ తగలని ఆ నీడవాలు అయిపోతున్నాయి, ఇదేమిటని నాకు అనిపించడం లేదు, ఒళ్ళు మండిపోతోంది, అంతే.

"ఇక్కడెందుకు తవ్వుతున్నావు బావా?" అని అరుస్తాను. "మనం జనాన్ని ఎక్కించేది ఆ నీడవాలు మీదికి. డేరా పక్కన ఎండలో తవ్వితే అక్కడి మంచు సంగతి ఏటి తెలుస్తాది?"

బావ తలెత్తడు. గోతి అంచున మంచుదిమ్మను నిలబెట్టి, దాని మీద పార ఆనించి, అరచేత్తో చరుస్తూ లెక్కపెడుతున్నాడు. ముప్పై దెబ్బలకీ పొర జారకపోతే వాలు ఎక్కవచ్చని మా గైడ్ల లెక్క.

"ముప్పై. జారనేదు. రాసుకో."

"రాయను! అక్కకి ఏటి సెప్పమంటావు? నీ మొగుడు నాలుగడుగులు నడవలేక డేరా పక్కనే తవ్వీసినాడని సెప్పనా? సిగ్గు నేదా నీకు?"

అతని పార నుంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి, నీడవాలు మంచు పొడిగా ఉంటుంది, పారకు అంటదు, అది తెలియని గైడు లేడు, ఆ నీళ్ళు మడి నిండి నా మోకాళ్ళ దాకా వస్తుంటే గోతుల లెక్కలు రాసే మా పుస్తకం తీసి అతని మొహాన కొడతాను.

బావ దాన్ని పట్టుకుని పేజీ తెరుస్తాడు. "ఇక్కడ రెండు సంతకాలున్నాయిరా. గొయ్యి సూసొచ్చినోడే రెండోది ఎట్టాల. నువ్వు టీగ్లాసు కింద ఎట్టకుండానే సంతకం ఎట్టీసినావు."

"నిన్ను నమ్మినాను!"

"నమ్మినావో, బద్ధకించినావో. నా మీద అరుత్తన్నావు గానీ, ఈ సంతకం సంగతి మీ అక్కకి సెప్పినావేటి?"

కొడదామని చెయ్యెత్తుతాను, ఆ చేతిలో టీగ్లాసు ఉంది.

"అన్నియ్యా, లెగు."

మధ్యాహ్నపు కునుకు తెగింది. నాతో వచ్చిన గైడు తవిటయ్య డేరా తెర ఎత్తి నిలబడ్డాడు.

"గొయ్యి తవ్వీసినాను. ముప్పైకీ జారనేదు. రేపు ఎనిమిదిమందినీ ఆ నీడవాలు ఎక్కించీయొచ్చు. సంతకం ఎట్టీ."

పుస్తకం అందుకున్నాను. కలం మూత కూడా తీశాను. అతని భుజాన ఉన్న పార నుంచి నీళ్ళు కారి డేరా గుమ్మంలో చిన్న మడుగు కట్టాయి.

ఎక్కడ తవ్వావని అడగలేదు. మూత పెట్టేసి బూట్లు తొడుక్కున్నాను.